మన విద్యార్థిని ఏ పట్టణమునకు బంపవలెను?

(కొత్తగూడెమున జరిగిన వార్షిక మహాసభయందు విద్యానిధి పక్షమున జేసిన ఉపన్యాసము)



విద్యానిధి పక్షమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు మమ్ము గోరిరి. మేము పండితులము గాము, వక్తలము గాము. బొగ్గుబాయి కార్యాలయమున హాజరుపట్టీలును జీతములపట్టీలును వ్రాయుచు ముప్పదియేండ్లు గడపి, పించను పుచ్చుకొన్న పిమ్మట మన విద్యానిధి జమాఖర్చులు చూచుచున్నవారము. కావున మా మాటలును లెక్కలవలెనే యుండును. అలంకారములు కొరవడినను మొత్తము సరిగా దేలినచో తమరు మన్నింతురని నమ్మెదము.

పూర్వము మన దేశమున కులసభలు గూడినపుడు సముద్రయానమునుగూర్చి తీవ్రమైన చర్చలు జరుగుచుండెడివి. ఓడ యెక్కి సీమకు బోయివచ్చినవానిని పంక్తిలో గూర్చుండబెట్టుకొనవచ్చునా, వానికి ప్రాయశ్చిత్త మెట్టిది, వాని చెల్లెలి పెండ్లి యెట్లగును అని పెద్దలు వాదించుకొనిరి. నేడు ఆ చర్చ లేదు. పరదేశము పోని పిల్లవానికే సంబంధము కుదురుట కష్టమైన కాలము వచ్చినది. అయినను ఒక సంగతి మాత్రము మారలేదు. నాడు పోవచ్చునా యని యడిగిరే గాని, ఎక్కడికి, ఎందులకు అని యడిగినవారు తక్కువ. నేడును ఆ ప్రశ్న నడుగువారు తక్కువగనే యున్నారు. ఆ యొక్క ప్రశ్ననే మేము తమ యెదుట నుంచుచున్నాము.

నిరుటి మహాసభ తీర్మానము తమకు జ్ఞాపకముండును. గనులకు సంబంధించిన ఉన్నతవిద్యకై ఒక విద్యార్థిని ఐరోపాఖండమునకు మన ఖర్చుతో బంపవలెనని నిశ్చయించితిమి. పోషకమహాశయుల విరాళములకు తోడు, బాయిలో దిగువారి జీతములనుండి నెలనెల వచ్చిన చందాలును, పెండ్లిండ్లలో విద్యానిధి పేర జదివించిన కట్నములును జేరి డబ్బు సమకూడినది. దరఖాస్తులు వచ్చినవి. ఉపసంఘమువారు పరీక్షించి ఒకరిని ఏకగ్రీవముగ నెన్నుకొనిరి. అంతవరకు చిక్కు లేదు. పట్టణము మాత్రము మూడు పర్యాయములు సమావేశమైనను నిర్ణయము గాలేదు.

ఒక పెద్దమనిషి లండను అనిరి. కారణ మడుగగా, దానికన్న పెద్ద పేరు మరియొకటి లేదనిరి. ఇంకొకరు బెర్లిను అనిరి. వారి మేనల్లు డచట నున్నాడట. మరియొకరు ఒక యేజెంటు అచ్చువేసి పంచిన రంగుల కాగితము దెచ్చి, ఇందులో నేది చవుకయో చూడుడనిరి. పిల్లకు సంబంధము చూచునపుడు ఇంటిపేరు, నడవడి, భూమి పుట్ర, అత్తగారి నోరు, ఇన్నియు విచారించు మనము, పిల్లను రెండేండ్లపాటు ఉంచబోవు ఊరును ఇంత తేలికగ నిర్ణయింపవచ్చునా? ఆ ఊరు మనకేమి నేర్పును, ఆ నేర్చినది మన ఊరి కేమి పనికివచ్చును అని చూడవలదా?

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు ముందు మన ఊరి కథ కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది. భద్రాచల రామదర్శనమునకు బోవు యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టగా రాళ్లే మండినవని మన పెద్దలు చెప్పుదురు. అది యెట్లున్నను, భూగర్భశాఖకు జెందిన డాక్టరు విలియం కింగుగారు 1871వ సంవత్సరమున ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనిపెట్టుట చరిత్రకెక్కిన విషయము. 1886లో ఆ బొగ్గు త్రవ్వుకొను హక్కును బొందిన హైదరాబాదు దక్కను కంపెనీ ఇంగ్లండు దేశమున రిజిస్టరైనది. ఆ హక్కుల బేరమునందలి అక్రమములపై 1888లో విచారణ జరిపినది బ్రిటిషు పార్లమెంటువారి కమిటీ. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. 1945లో నైజాం ప్రభుత్వము దాని వాటాలలో నధికభాగమును గొన్నది.

కులబాంధవులారా! ఇందులో గమనింపదగిన దేమి? మన కాళ్లక్రింద బొగ్గు. దానినిగూర్చిన మొదటి నిర్ణయములు లండను నగరమున. ఇంజనీర్లు అక్కడినుండి వచ్చిరి, యంత్రములు అక్కడినుండి వచ్చినవి. మనవారు తట్ట, చెమ్మాసు పట్టుకొని దిగిరి. అక్కడివారు మన ఊరిని తమ యవసరము చూచుకొని యెన్నుకొనిరే గాని మన ఊరి పేరు చూచి కాదు. అప్పటికి కొత్తగూడెమునకు పేరేమున్నది? అట్లే నేడు మనమొక ఊరిని ఎన్నుకొనునపుడు మన యవసరమును జూచుకొనవలెను.

మన యవసర మేమి? బొగ్గు త్రవ్వుట మనకు దెలియును. ఆ విద్యలో మనవారు ఎవరికిని దీసిపోరు. 1978లో ఈ ఊర గనుల కళాశాల వెలసినది. అది 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగ మారినది. త్రవ్వుట నేర్పువారు ఇంటిలోనే యుండగా సముద్రములు దాటనేల? మనకు దెలియని దొకటి గలదు. త్రవ్వి ముగించిన పిమ్మట ఏమి చేయవలెను?

ఈ సభలో నున్నవారిలో సగముమంది బాయి కూడు దినినవారే. ఒకప్పుడు సింగరేణిలో లక్షకు మించి ఉద్యోగులుండిరి. నేడు నలువదివేల చేరువకు దిగిరి. మా చేతులతో వ్రాసిన హాజరుపట్టీల పొడవు మా కండ్లయెదుటనే తగ్గిపోయినది. భూగర్భ గనులు ఒకటొకటిగ మూతబడుచున్నవి. ఉపరితల గనులు కొండలవంటి మట్టికుప్పలను మిగుల్చుచున్నవి. బొగ్గు పుట్టిల్లయిన ఇల్లందులో గనులు మూతబడినపుడు బజారు వీధికి ఏ గతి పట్టినదో చూచినవారు ఇచ్చట ననేకులు గలరు. మూతబడిన బాయిలో నీరు నిండును. ఆ నీరు మంచిదా చెడ్డదా? పైనున్న భూమి నిలుచునా, కుంగునా? ఆ మట్టికుప్పపై చెట్టు బ్రదుకునా? తమ పొలములను గనులకిచ్చిన కోయ సోదరుల బిడ్డలకు ఆ భూమి మరల నాగలి పట్టుటకు పనికివచ్చునా? బొగ్గు ముగిసిననాడు కొత్తగూడెము ఊరుగ మిగులునా, రైలు స్టేషనుగ మాత్రము మిగులునా? ఈ ప్రశ్నలకు జవాబు నేర్పు ఊరే మన విద్యార్థి పోదగిన ఊరు.

ఇక ఊళ్లను పరిశీలింతము.

లండనులో 1851లో స్థాపింపబడిన రాజకీయ గనుల పాఠశాల గలదు. నేడది ఇంపీరియల్ కళాశాలలో భాగము. దాని గౌరవమును మేము తక్కువ చేయము. కాని అచ్చటి వ్యయము మన నిధిని మ్రింగివేయును. బోధనరుసుము గాక, లండనులో నివసించుటకే నెలకు 1,483 పౌండ్లు చూపవలెనని 2025 జనవరిలో అచ్చటి ప్రభుత్వము నిర్ణయించి, తరువాత మరికొంత పెంచినది. ఒకరిని పంపు డబ్బుతో మరియొక చోటికి ఇద్దరిని పంపవచ్చును.

పోలండు దేశమున క్రాకొవ్ పట్టణమునందు 1919లో ప్రారంభమైన గనుల విద్యాలయము గలదు. సమీపమున వియెలిచ్కా ఉప్పుగని. కొంత దూరమున కటోవిత్సె చుట్టును బొగ్గు గనులు. బొగ్గు ఇంకను త్రవ్వుచున్న దేశము గావున, గనులలో వాయువు, ప్రేలుడు, రక్షణ అను విషయములు నేర్వదలచినవారికి అది యుత్తమము. ఆ దేశమువారు సయితము 2049 నాటికి బొగ్గు గనులను మూసివేయుదుమని 2021లో కార్మికసంఘములతో ఒడంబడిక చేసికొనిరి. ఆస్ట్రియాలో లియోబెను గలదు. 1840లో మొదలైన ఆ విద్యాలయము ఇనుము, ఉక్కు విద్యలకు ప్రసిద్ధము. మన పిల్లలలో ఎవరైన ఉక్కు శాస్త్రము జదువగోరినచో అచటికే పంపుదము.

జర్మనీలోని రూరు ప్రాంతము మనకు మరింత దగ్గర. అచటి కడపటి బొగ్గుగని బొట్రొపు పట్టణమున 2018 డిసెంబరు 21వ తేదీన మూతబడినది. కడపటి బొగ్గు పెళ్లను కార్మికులు పైకి దెచ్చి ఆ దేశాధ్యక్షుని చేతికిచ్చిరి. నూరేండ్లకు పైగ త్రవ్వుటచే ఆ ప్రాంతమున కొన్నిచోట్ల భూమి ఇరువది మీటర్లకు మించి కుంగినది. పంపులు నిలిపినచో ఇండ్లు నీట మునుగును. కావున గని మూసినను పంపు మూయరాదు. వారు దానిని శాశ్వతమైన పని యని పేరిడి, దాని ఖర్చులకై 2007లో ఒక ధర్మనిధిని స్థాపించిరి. బొగ్గు అమ్ముచున్న దినములలోనే, బొగ్గు లేని దినములకై డబ్బు దాచవలెనను బుద్ధి ఎంత గొప్పదో లెక్కలు వ్రాసిన మాకు దెలియును. బోఖుం పట్టణమున గని మూసిన పిమ్మటి పనులనే శాస్త్రముగ బోధించు విద్యాలయము గలదు. కాని అచ్చటి బోధన ముఖ్యముగ జర్మను భాషలో జరుగును.

ఇన్నిటిని తూచి, మేము తమ యెదుట నుంచుచున్న పేరు ఫ్రైబెర్గు. తమలో ననేకులీ పేరు విని యుండరు. మేమును మొదట వినలేదు. అది జర్మనీ దేశమున సాక్సనీ రాష్ట్రములో, డ్రెస్డెను నగరమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న చిన్న పట్టణము. జనసంఖ్య నలువదివేల చేరువ. మన కొత్తగూడెముకన్న చిన్నది. 1168 ప్రాంతమున అచట వెండి దొరకినది. ఆ వెండికై అడవి నరికి ఊరు గట్టిరి. 1765లో అచట గనుల విద్యాలయమును స్థాపించిరి. గనుల విద్యాలయములలో నేటికిని జీవించియున్నవానిలో ప్రపంచమున నదియే మొదటిది. ఇండియము అను లోహమును 1863లోను, జెర్మేనియము అను మూలకమును 1886లోను కనిపెట్టిన దచటనే. లండనులో కంపెనీ పెట్టి మన బొగ్గునకు పట్టా పుచ్చుకొన్న సంవత్సరమున, ఆ చిన్న ఊర ఒక ఉపాధ్యాయుడు, క్లెమెన్స్ వింక్లరుగారు, ఒక రాతి ముక్కను శోధించి లోకమునకు దెలియని పదార్థమును బయటికి దీసిరి.

అయితే మేము ఫ్రైబెర్గును గోరుట దాని వెండి చూచి కాదు. ఆ వెండి గనులు 1913లో మూతబడినవి. కొంతకాలమునకు మరల దెరచి, 1969లో నిశ్శేషముగ మూసివేసిరి. గని పోయినది, ఊరు పోలేదు. విద్యాలయము పోలేదు. మూసిన గనినే పాఠశాలగ మార్చి, విద్యార్థులను నేటికిని లోనికి దింపి బోధించుచున్నారు. తల్లివేరు తెగినను నిలిచిన చెట్టది. అది యెట్లు నిలిచెనో చూచి వచ్చుటయే మనకు గావలసిన విద్య.

ఒక్క నిదర్శనము జెప్పెదము. ఆ గనుల నీటిని బయటికి బంపుటకు 1844లో ఒక సొరంగపు కాలువ త్రవ్వ మొదలిడి 1877లో ముగించిరి. శాఖలతో గలిపి అది 50 కిలోమీటర్లకు పైబడినది. ముప్పదిమూడేండ్ల పని! మొదలిడినవారిలో ఎందరో దాని తుదిని జూచి యుండరు. గనులు మూతబడి అర్ధశతాబ్ది దాటినను ఆ కాలువ నేటికిని నీటిని దీసికొనిపోవుచునే యున్నది. తాత త్రవ్వినది మనుమనికి పనికివచ్చుట యన్న ఇదియే గదా! గని నీరు, భూగర్భజలము, పాడైన నేలను బాగుచేయుట వంటి విషయములలో ఆ విద్యాలయమునందు ఆంగ్లభాషలో బోధించు తరగతులు కొన్ని గలవు. ఇంతేగాక, ఖనిజవిద్యలో లియేజు, నాన్సీ, లూలియో, ఫ్రైబెర్గు విద్యాలయములు ఉమ్మడిగ నడిపిన కోర్సొకటి గలదు. అట్టి ఉమ్మడి కోర్సులకు ఐరోపా సమాఖ్యవారు ఎరాస్మస్ ముండుసు అను పేర విద్యార్థివేతనములిచ్చుచున్నారు. అది లభించినచో మన డబ్బు మరియొకరికి మిగులును.

ఇతరుల డబ్బుతో ఈ ఊరికి బోయిన మొదటివారము మనము గాము. రష్యా దేశమున ఒక పల్లెకారి కొడుకు, మిహాయిలు లొమొనోసొవ్ అనువాడు గలడు. సెయింటు పీటర్సుబర్గు విద్వత్సభవారు అతనిని తమ ఖర్చుతో 1736లో జర్మనీకి బంపిరి. మార్బుర్గులో శాస్త్రములు జదివి, 1739లో గనుల విద్యకై ఫ్రైబెర్గు జేరెను. విద్యాలయ మింకను వెలయని కాలమది. హెంకెలు అను పండితుని యింట విద్య నేర్చెను. గురువుతో డబ్బు విషయమునను, పాఠ విషయమునను కలహించి 1740లో ఊరు విడిచెను. పంపినవారికి ఎంత తలనొప్పి కలిగెనో యూహింపవచ్చును. ఆ కలహప్రియుడే స్వదేశము జేరి రష్యాలో శాస్త్రవిద్యకు మూలపురుషుడయ్యెను. 1755లో మాస్కో విశ్వవిద్యాలయ స్థాపనకు ముఖ్యకారకు డయ్యెను. ఈ కథ మనకు రెండు నీతులు చెప్పును: పంపదగిన ఊరు పెద్దది కానక్కర లేదు, పంపినవారు కొంత యోర్పు వహింపవలెను.

ఒక హెచ్చరిక. జర్మనీలోనే నైరుతిదిశను ఫ్రైబుర్గు అను మరియొక పట్టణము గలదు. బెర్గు అనగా కొండ, బుర్గు అనగా కోట. మనవారి పిల్లవాడొకడు ఒక యేజెంటును నమ్మి, కొండకు బోవలసినవాడు కోటకు దరఖాస్తు పెట్టెను. తుదిగడువు మూడు దినములున్నదనగా ఉపసంఘములోని యొక ఉపాధ్యాయుడు కనుగొని దిద్దించెను. బుర్గు ఉన్న రాష్ట్రమున 2017 నుండి మనవంటి పరదేశీయులకు ఆరునెలలకు 1,500 యూరోల రుసుము గలదు. మన స్టేషనులో రైలు దిగిన యాత్రికులు భద్రాచలము రోడ్డు అను పలక చదివి రామాలయ మెక్కడనని యడుగుట మనము నిత్యము చూచుచున్నాము. నలువది కిలోమీటర్లు ఇంకను పోవలెనని చెప్పి బస్సు చూపుదుము. జర్మనీలో తప్పు స్టేషనున దిగినచో చూపువా రెవరు?

ఇక జమాఖర్చు. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనరుసుము లేదు. అయితే మ్యూనికు సాంకేతిక విద్యాలయమువంటివి 2024 నుండి పరదేశీయులవద్ద పుచ్చుకొనుచున్నవి. కావున ప్రతి సంవత్సరము విచారించియే దరఖాస్తు పెట్టవలెను. జీవనమునకై వీసాకు ముందే ఒక ప్రత్యేకపు ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు జమకట్టవలెనని 2024 సెప్టెంబరు నుండి నియమము. అందులో నెలకు 992 యూరోలు మాత్రమే విద్యార్థి చేతికి వచ్చును. 2025లో యూరో వెల నూరు రూపాయల చేరువకు వచ్చినది గావున ఇది సుమారు పండ్రెండు లక్షలు. ఈ డబ్బు ఏజెంటుది గాదు, విద్యాలయముది గాదు. విద్యార్థి తిండికి దాచిన ధాన్యపు గాదె. 2022 నవంబరు నుండి మన విద్యార్థుల పట్టాలను డిల్లీలోని జర్మను కార్యాలయమువారు పరీక్షించి ధ్రువపత్ర మిచ్చిననే వీసా. దానికి నెలలు పట్టవచ్చును. చదువుచు ఏడాదికి 140 పూర్తిదినములు పని చేసికొనవచ్చునని 2024లో చట్టము సడలించిరి. అయినను ఆ సంపాదనను నమ్మి పిల్లలను బంపుట పంట చూడక అప్పు చేయుట వంటిది. మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే గారి పేరను, దళిత గిరిజనులకు అంబేద్కరు గారి పేరను, 20 లక్షల రూపాయలవరకు నిచ్చు విదేశవిద్యా పథకము లేర్పడినవి. అర్హత గలవారు ముందు ప్రభుత్వ సహాయమును గోరి, తక్కువబడినదానికే మన నిధిని ఆశ్రయించుట న్యాయము.

ఇంతవరకు మేము విద్యార్థిని అను మాటను పలుమారు పలికితిమి. తెలుగున ఆ మాటకు రెండర్థములు గలవు. ద్వితీయావిభక్తియైనచో మగవానిని జెప్పవచ్చును. ప్రథమావిభక్తియైనచో అది ఆడపిల్లయే. ఉపసంఘ మెన్నుకొన్నది ఆడపిల్లను. ఈ సంగతి తెలిసిన పిమ్మటనే ఊరి విషయమున వాదము లెక్కువైనవని దాచక చెప్పుచున్నాము.

ఆ బిడ్డ తాత తట్ట చెమ్మాసు పట్టినవాడు. తండ్రి నేటికిని రెండవ షిఫ్టులో దిగుచున్నాడు. తల్లి యేనాడును బాయి లోపలి భాగము చూడలేదు. చూడగోరినను 1952 గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనికి నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము ఆ నిషేధమును సడలించినది. చట్టము తెరచిన తలుపును మనము మూయవచ్చునా? ఒంటరి పిల్ల, తెలియని ఊరు, మనవారెవ్వరును లేరు అని కొందరు దాతలు శంకించిరి. చందా నిలుపుదుమని యన్నవారును గలరు. వారి భయము ప్రేమచే గలిగినది గావున దానిని గౌరవింతుము. కాని మనవారున్న పెద్ద నగరమున పదిమంది ఒక గదిలో నుండి, తెలుగే మాటలాడుచు, తెలుగు వంటయే తినుచు, ఊరిని చూడకయే తిరిగివచ్చిన పిల్లలను మేమెరుగుదుము. చిన్న పట్టణమున అంగడివాడు సయితము ముఖము గుర్తించును; రాకున్న విచారించును. కార్మికుల పట్టణములలో పిల్లలను బెంచిన మనకు ఈ భేదము తెలియనిది కాదు.

భాష విషయమున మాత్రము రాజీ కూడదు. తరగతి ఆంగ్లమున జరిగినను, పాత గనుల పటములు జర్మనులో నుండును. గనిలో పనిచేసిన ముసలివాడు జర్మనులోనే మాటలాడును. మనకు గావలసిన రహస్యము లాతని నోటనే యున్నవి. అచటి గనివారు ఒకరినొకరు చూచినపుడు గ్లూక్ ఆఫ్ అందురు. క్షేమముగ పైకి రమ్మను దీవెనవంటిది. బాయి దిగునపుడు మైసమ్మకు మ్రొక్కు మనవారికి ఆ మాట అర్థము చెప్పనక్కర లేదు. కావున పయనమునకు ముందు హైదరాబాదులోని గోథే కేంద్రమున భాష నేర్పించుటకు ప్రత్యేకముగ సొమ్ము కేటాయింపవలెను.

కడపటి ప్రశ్న అందరి మనస్సులలో నున్నది. ఆ బిడ్డ తిరిగి రాకపోయినచో? పత్రము వ్రాయించుకొందమని కొందరనిరి. వ్రాయించుకొనవచ్చును, కాని కాగితము మనుష్యుని కట్టివేయజాలదని ముప్పదియేండ్లు కాగితములే వ్రాసిన మాకు దెలియును. మే మొక్కటే కోరుదము. నెల కొక లేఖ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బోవుచు దారిలోని ఊళ్లు, నీళ్లు, ధరలు, మనుష్యుల నడవడి వ్రాసి స్నేహితునకు బంపుచుండగా, ఆ లేఖలే తెలుగువారికి గొప్ప గ్రంథమైనవి. అట్లే ఈ బిడ్డ తాను చూచిన కాలువ, మట్టికుప్ప, మూసిన గని, వాని మంచిచెడ్డలు తెలుగులో వ్రాసి పంపవలెను. ఆ లేఖలను మనము అచ్చువేసి కళాశాలకును, కార్మికసంఘములకును, గ్రామపెద్దలకును కులభేదము లేక పంచవలెను. బాయిలో దిగినపుడు ప్రతివాని తలపై దీప మొక్కటే. ఆ దీపపు వెలుగు ఈ కులమునకు, ఆ కులమునకు అని విభజింపబడదు. మనిషి వచ్చినను, రాకున్నను, విద్య మాత్రము ఊరు జేరును. మనిషియు వచ్చినచో అది మన భాగ్యము.

కావున మహాసభవారికి మా ప్రార్థన: మొదటిది, విద్యార్థినిని ఫ్రైబెర్గునకే బంపుటకు అనుమతింపవలెను. రెండవది, సెలవులలో రూరు ప్రాంతపు మూసిన గనులను జూచుటకు ప్రయాణవ్యయము చేర్పవలెను. మూడవది, భాషాశిక్షణకు, ఒక సంవత్సరపు జీవనఖాతాకు, ఆపద్ధనమునకు మూడు వేరువేరు పద్దులు వ్రాసి, ఒకదానిని మరియొకదానికి వాడరాదు. నాలుగవది, చందా నిలుపుదుమన్న పెద్దలు తమ నిర్ణయమును ఆ బిడ్డ మొదటి లేఖ వచ్చువరకు వాయిదా వేయవలెను.

ఆ నాలుగవ ప్రార్థన మాది మాత్రమే కాదు. నిన్నటి సాయంకాలము ఆ బిడ్డ తండ్రి షిఫ్టు దిగి, ముఖము కడుగకయే మా యింటికి వచ్చి, నిధి పుస్తకములో తన ఈ నెల చందా వ్రాయుమనెను. నీ బిడ్డకే గదా యిచ్చుచున్నాము, నీవేల యని మే మనగా, అయ్యా, తరువాత పోవు బిడ్డకు అని చెప్పి రసీదు పుచ్చుకొని పోయెను. ఆ పద్దు పుస్తకములో నున్నది; ఎవరైనను చూడవచ్చును.